కాణి పన్నుతో వెలసిన రైలుబాట



ఉదయగిరి, ఆత్మకూరు సీమలవారు వ్యాజ్యములకును, వర్తకమునకును చెన్నపట్టణము పోయిన దినములలో, అచ్చట వింతగా చూచిన వాహనములలో ట్రాము ఒకటి. 1895 మే 7వ తేదీన అది నడువసాగెను. మన దేశమున విద్యుచ్ఛక్తితో నడచిన మొదటి ట్రాము అదియే. దానిని నడపినది లాభము కోరిన ఒక కంపెనీ. బస్సుల పోటీ హెచ్చి, నష్టము పైబడగా, 1953 ఏప్రిలు 12వ తేదీన అది నిలిచిపోయినది. నేడు దాని పట్టాలును కానరావు.

ఇక, కంపెనీ లాభమునకుగాక రైతుల పన్నుతో వేసిన బాటల కథ వినుడు. రిప్పన్ ప్రభువు 1882లో చేసిన తీర్మానము ననుసరించి, 1884లో చెన్నరాజధానియందు స్థానిక బోర్డుల చట్టము పుట్టెను. జిల్లా బోర్డులు, తాలూకా బోర్డులు ఏర్పడెను. బాటలు, బడులు, ఆస్పత్రులు, సత్రములు వాని పనులు. భూమిశిస్తు రూపాయికి సాధారణముగా ఒక అణా చొప్పున సెస్సు వసూలగుచుండెడిది. రైలుమార్గము కోరిన జిల్లాలో దానిపై మరి మూడు దమ్మిడీలు, అనగా ఒక కాణి, వేయుటకు అధికార ముండెను. పది రూపాయల శిస్తు కట్టు రైతునకు ఇది రెండున్నర అణాలు మాత్రమే.

ఆ కాణి చేసిన పని చూడుడు. తంజావూరు జిల్లా బోర్డువారి మాయవరము-ముత్తుపేట మార్గము 1894లో తెరువబడెను. కృష్ణా జిల్లా బోర్డువారి బెజవాడ-బందరు మార్గము 1908లోను, గుంటూరు జిల్లా బోర్డువారి తెనాలి-రేపల్లె మార్గము 1916లోను వచ్చెను. వేయించిన బోర్డులు పోయినవి గాని, బందరు, రేపల్లెల రైళ్లు నేటికిని నడచుచునే యున్నవి.

మరి మన సీమ కేల రాలేదు? 1899 నాటికి పూర్తియైన బెజవాడ-మద్రాసు ప్రధానమార్గము కావలి, నెల్లూరు, గూడూరుల మీదుగా సముద్రతీరమును పట్టుకొని పోయెను. పడమటి తాలూకాలు బండ్లబాటలకే మిగిలెను. నాకు తోచిన కారణ మిది. సెస్సు శిస్తునుబట్టి వచ్చును. డెల్టా మాగాణికి శిస్తు అధికము. మన మెట్టచేలకు స్వల్పము. కలిగినవాని కాణియు, లేనివాని కాణియు పేరున కొకటే గాని ప్రోగు చేసిన రాశి యొకటి కాదు. తన సొమ్ముతో తానే బాట వేసికొనవలె ననిన, కరవుసీమ వెనుకబడక తప్పదు.

1934లో తాలూకా బోర్డులు రద్దయ్యెను. 1959లో జిల్లా బోర్డులు పోయి, పంచాయతీ సమితులు, జిల్లా పరిషత్తులు వచ్చెను. 1986లో సమితులకు బదులు మండల పరిషత్తు లేర్పడెను. 2011-12 కేంద్ర రైల్వే బడ్జెటులో నడికుడి-శ్రీకాళహస్తి మార్గము మంజూరైనది. సుమారు 309 కిలోమీటర్ల యీ బాట వింజమూరు, ఆత్మకూరుల మీదుగా పోవలసియున్నది. వ్యయమున సగమును, భూమిని రాష్ట్రము భరించు నని యొప్పందము. కరవుసీమకు దేశపు సొమ్ము వచ్చుట న్యాయమే. పూర్వము మనకు లేని దదియే.

అయినను ఒక చిక్కు కలదు. తాను కాణి యిచ్చిన రైతు, ఆ కాణి యెచ్చట నున్నదని బోర్డు సభ్యుని నిలదీయగలిగెడివాడు. దూరమునుండి వచ్చు సొమ్మును గూర్చి అడుగువా రరుదు. పని యాలస్యమైనను అది సర్కారు పని యని యూరకుందుము. ఆ సొమ్మును ప్రజలదే కదా! కంపెనీ ట్రామునకు లాభము కాపరి. బోర్డు రైలునకు పన్ను కట్టినవాని కన్ను కాపరి. మన రైలునకు కాపరి యెవరు?

కావున గ్రామ పెద్దలు గ్రామసభకు పోయి, ఇంటిపన్ను మొదలు రైలుబాట వరకు, ఇంత వచ్చెను, ఇంత వ్యయమయ్యెను, ఇంత పని మిగిలె నని లెక్క అడుగుడు. అడుగుట తగవు కాదు, హక్కు. బోర్డులు పోయినను ఆ యలవాటు పోరాదని నా మనవి.