ఆర్గానిక్ కెమిస్ట్రీ తొలి కోర్సు: తఖత్‌పూర్ విద్యార్థికి చిక్కు ఎక్కడ?

బీఎస్సీలో చేరిన వాళ్లు మొదటి ఏడాదే భయపడే సబ్జెక్టు ఆర్గానిక్ కెమిస్ట్రీ. వందల చర్యలు, వాటికి పెట్టిన శాస్త్రవేత్తల పేర్లు, ఒకదానితో ఒకటి కలిసిపోయే బొమ్మలు. ‘ఇదంతా బట్టీ పట్టాల్సిందే’ అని సీనియర్లు చెబుతారు, జూనియర్లు నమ్ముతారు. కష్టాల్లో ఎక్కువ భాగం ఆ నమ్మకం దగ్గరే మొదలవుతుంది.

ఛత్తీస్‌గఢ్‌లోని తఖత్‌పూర్ బిలాస్‌పూర్ జిల్లాలో, ముంగేలీ వెళ్లే రోడ్డు మీద, మనియారీ నది పక్కనున్న చిన్న పట్టణం. బిలాస్‌పూర్ నుంచి సుమారు 30 కిలోమీటర్లు. బిలాస్‌పూర్ పెద్ద రైల్వే జంక్షన్. 2003 నుంచి ఆగ్నేయ మధ్య రైల్వే ప్రధాన కేంద్రం. బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే కాలం నుంచి ఉద్యోగాల కోసం వచ్చి స్థిరపడిన తెలుగు కుటుంబాలు అక్కడ తరతరాలుగా ఉన్నాయి. ఈ ప్రాంతంలో డిగ్రీ చదివే వాళ్లకు రెండు దారులు. ఒకటి, 2012లో బిలాస్‌పూర్ విశ్వవిద్యాలయంగా మొదలై ఇప్పుడు అటల్ బిహారీ వాజపేయి పేరుతో ఉన్న రాష్ట్ర విశ్వవిద్యాలయం పరిధిలోని కాలేజీలు. రెండోది, 1983లో ఏర్పడి 2009లో కేంద్రీయ విశ్వవిద్యాలయంగా మారిన గురు ఘాసీదాస్ విశ్వవిద్యాలయం. సంస్థ ఏదైనా తొలి కోర్సులోని పాఠాలు దాదాపు ఒకటే: కార్బన్ బంధాలు, ఎలక్ట్రాన్ ప్రభావాలు, అణువుల త్రిమితీయ ఆకారం, ఆల్కేన్లు, ఆల్కీన్లు, బెంజీన్.

మూడు భాషల మధ్య

ఇంట్లో తెలుగు, తరగతిలో హిందీ, పెద్ద పుస్తకాల్లో ఇంగ్లిష్. బిలాస్‌పూర్ చుట్టుపక్కల తెలుగు పిల్లల పరిస్థితి ఇది. సంస్కృతం పుణ్యమా అని కొన్ని మాటలు రెండు భాషల్లోనూ అవే. ఉత్ప్రేరకం హిందీలో ఉత్ప్రేరక్, సంతృప్త హైడ్రోకార్బన్ అక్కడా సంతృప్తే, విలోపన చర్యకు కూడా ‘విలోపన్’ అనే అంటారు. అయితే అన్నీ ఇలా కలవవు. మన ప్రతిక్షేపణ హిందీలో ప్రతిస్థాపన్. మన క్షయకరణం అక్కడ అపచయన్. సాదృశ్యం అని మనం చదివేది సమావయవతా అవుతుంది. న్యూక్లియోఫైల్‌ను హిందీలో నాభిక్‌రాగీ అంటారు. కేంద్రకం మీద అనురాగం ఉన్నది అని అర్థం. నిర్వచనం మొత్తం ఆ ఒక్క మాటలో ఉంది కనుక, ఇంగ్లిష్ పదం కన్నా అదే మేలు.

సబ్జెక్టు పేరులోనూ ఒక తిరకాసు ఉంది. ఆర్గానిక్ అనగానే తెలుగువాళ్లకు సేంద్రియ వ్యవసాయం గుర్తొస్తుంది. ఆ వ్యవసాయం దూరం పెట్టేది యూరియాను. ఆధునిక ఆర్గానిక్ కెమిస్ట్రీ చరిత్రను మొదలుపెట్టేది కూడా యూరియాతోనే: 1828లో జర్మన్ శాస్త్రవేత్త ఫ్రెడరిక్ వోలర్ అమోనియం సయనేట్ అనే లవణం నుంచి దాన్ని ప్రయోగశాలలో తయారు చేశాడు. జీవుల శరీరంలోనే పుట్టే పదార్థం గాజు పాత్రలోనూ పుడుతుందని తేలింది. అందుకే కర్బన రసాయన శాస్త్రం అన్న పేరే సరైనది. ఇది కార్బన్ సమ్మేళనాల శాస్త్రం.

డిగ్రీ తర్వాత ఐఐటీల్లో ఎమ్మెస్సీ సీట్ల కోసం రాసే జామ్ పరీక్ష ఇంగ్లిష్‌లోనే ఉంటుంది. మూడేళ్లు హిందీలో చదివిన విద్యార్థి అక్కడ పదాల దగ్గరే తడబడతాడు. ఈ మూడు భాషల్లోనూ మారనిది ఒకటుంది. అది కాగితం మీద గీసే వంపు బాణం.

బాణం ఎక్కడ మొదలవుతుంది?

1922లో విలియం కెర్మాక్, రాబర్ట్ రాబిన్సన్ ఎలక్ట్రాన్ల కదలికను వంపు బాణాలతో చూపించారు. నియమం చిన్నదే. ఎలక్ట్రాన్లు ఎక్కువగా ఉన్న చోట బాణం మొదలవుతుంది, తక్కువగా ఉన్న చోట ముగుస్తుంది. తొలి కోర్సులోని చర్యల్లో చాలా వాటికి ఈ ఒక్క వాక్యమే మూలం.

ఈ బాణానికి తెలుగు నేలతో దగ్గరి సంబంధం ఉంది. మాంచెస్టర్‌లో రాబిన్సన్ దగ్గర పరిశోధన చేసి డాక్టరేట్ పొందిన టి.ఆర్. శేషాద్రి, 1930లలో వాల్తేరులోని ఆంధ్ర విశ్వవిద్యాలయానికి వచ్చారు. 1949లో ఢిల్లీ విశ్వవిద్యాలయానికి వెళ్లేదాకా అక్కడే రసాయన శాస్త్రం బోధించారు. పత్తి పూలలోని రంగు పదార్థాలతో సహా మొక్కల ఫ్లేవనాయిడ్ల మీద ఆయన బృందం చేసిన పరిశోధనకు ప్రపంచమంతటా గుర్తింపు వచ్చింది.

బాణం ఎలా పనికొస్తుందో ఒక ఉదాహరణ చూద్దాం. ప్రొపీన్‌కు హైడ్రోజన్ బ్రోమైడ్ కలిపితే బ్రోమిన్ చివరి కార్బన్‌కు చేరుతుందా, మధ్య కార్బన్‌కు చేరుతుందా? మధ్యదానికే అని మార్కోవ్నికోవ్ నియమం చెబుతుంది. హైడ్రోజన్లు ఎక్కువున్న కార్బన్‌కే మరో హైడ్రోజన్ చేరుతుందని, ‘ఉన్నవాడికే ఇంకా’ అన్నట్టు, విద్యార్థులు గుర్తుపెట్టుకుంటారు. పరీక్షలో పెరాక్సైడ్ కలిపి అడిగితే మాత్రం బట్టీ బెడిసికొడుతుంది, ఎందుకంటే అప్పుడు బ్రోమిన్ చివరి కార్బన్‌కు పోతుంది.

బాణం గీసిన వాళ్లకు ఈ రెండూ వేర్వేరు విషయాలు కావు. మామూలుగా జంట బంధంలోని ఎలక్ట్రాన్లు ముందు హైడ్రోజన్‌ను అందుకుంటాయి, ఒక కార్బన్ మీద ధనావేశం మిగులుతుంది. ఆ ఆవేశం మధ్య కార్బన్ మీద ఉంటే రెండు వైపుల నుంచీ ఆసరా దొరుకుతుంది, చివర ఉంటే ఒకవైపే. అందుకే అది మధ్యలో ఏర్పడి, బ్రోమైడ్ అక్కడికి వెళుతుంది. పెరాక్సైడ్ ఉన్నప్పుడు ముందు చేరేది హైడ్రోజన్ కాదు, జత లేని ఎలక్ట్రాన్ ఉన్న బ్రోమిన్ పరమాణువు. అది చివర చేరితే మధ్యలో స్థిరమైన రాడికల్ మిగులుతుంది. రెండు సందర్భాల్లోనూ స్థిరమైన మధ్యస్థ రూపమే గెలుస్తుంది. మారింది ముందెవరు వచ్చారన్నదే.

ఎసిటిక్ ఆమ్లం, ఇథనాల్ సంగతీ అంతే. రెండింటిలోనూ ఆక్సిజన్‌కు అంటుకున్న హైడ్రోజన్ ఉంది. అయినా ఎసిటిక్ ఆమ్లం ఆమ్లబలం పదివేల కోట్ల రెట్లకు పైగా ఎక్కువ. హైడ్రోజన్ పోయాక మిగిలే ఆవేశం ఇథనాల్‌లో ఒకే ఆక్సిజన్ మీద కూర్చుంటుంది. ఎసిటిక్ ఆమ్లంలో దాన్ని రెండు ఆక్సిజన్లు పంచుకుంటాయి. రెసొనెన్స్ అధ్యాయం చదవాల్సింది ఈ ఉదాహరణతోనే. చాలా గైడ్లు మాత్రం నిర్వచనంతో మొదలుపెట్టి అక్కడే ముగిస్తాయి.

చేతికి తగిలే రసాయనం

అణువుల ఆకారం కాగితం మీద అర్థం కాదు. ఖరీదైన మోడల్ కిట్ లేకపోతే బంకమట్టి ఉండలు, అగ్గిపుల్లలు చాలు. ఒక కార్బన్‌కు నాలుగు వేర్వేరు గుంపులు తగిలిస్తే, ఆ బొమ్మ, అద్దంలో దాని ప్రతిబింబం ఒకదాని మీద ఒకటి అచ్చంగా కుదరవు. కుడి చెప్పు ఎడమ కాలికి సరిపోనట్టే. ఈ తేడా ముక్కుకు కూడా తెలుస్తుంది. పుదీనా వాసనకు ముఖ్య కారణమైన కార్వోన్ అనే పదార్థానికి అద్దపు జత సోయికూర గింజల నూనెలో ఉంటుంది. పరమాణువులు అవే, బంధాలు అవే. వాసన మాత్రం వేరు.

బిలాస్‌పూర్ ప్రాంతంలో ఈ సబ్జెక్టుకు ఉదాహరణలు వెతుక్కోనక్కర్లేదు. లక్క ఛత్తీస్‌గఢ్ అడవుల ముఖ్యమైన ఉత్పత్తుల్లో ఒకటి. అందులోని అల్యూరిటిక్ ఆమ్లంలో 16 కార్బన్ల గొలుసు, మూడు హైడ్రాక్సిల్ గుంపులు, ఒక కార్బాక్సిల్ గుంపు ఉంటాయి. ఆల్కహాల్, ఆమ్లం పాఠాలు రెండూ ఒకే అణువులో చెప్పవచ్చు. కోసా పట్టు ఒక ప్రోటీన్, అంటే అమైడ్ బంధాల గొలుసు.

ఇప్పపువ్వులోని చక్కెరలు పులిసి ఇథనాల్ అవుతాయి. ఇథనాల్‌లో రెండు కార్బన్లు, మిథనాల్‌లో ఒకటి. పుస్తకంలో పక్కపక్కనే కనిపించే ఈ రెండింటి మధ్య తేడా ప్రాణాల మీదకు వస్తుంది. ఇథనాల్‌ను ఎసిటాల్డిహైడ్‌గా, తర్వాత ఎసిటిక్ ఆమ్లంగా మార్చే కాలేయపు ఎంజైమ్‌లే మిథనాల్‌ను ఫార్మాల్డిహైడ్‌గా, ఫార్మిక్ ఆమ్లంగా మారుస్తాయి. ఈ ఫార్మిక్ ఆమ్లమే కంటిచూపును, ఒక్కోసారి ప్రాణాన్నే తీస్తుంది. కల్తీ సారా మరణాల వార్తల వెనకున్న రసాయనం ఇదే. ఆల్కహాల్ ఆక్సీకరణం పాఠంలో ఇది చెబితే ఏ విద్యార్థీ మరిచిపోడు.

ల్యాబ్‌లో

ప్రాక్టికల్ మార్కులు సులువుగా వస్తాయని చాలామంది ల్యాబ్‌ను తేలిగ్గా తీసుకుంటారు. నిజానికి థియరీ స్థిరపడేది అక్కడే. ఇచ్చిన తెల్లటి పొడిని లోహ సోడియంతో కరిగించి నైట్రోజన్, గంధకం, హాలోజన్లు ఉన్నాయేమో చూడటం, ఆ తర్వాత గుంపును గుర్తించడం, చివరికి ద్రవీభవన స్థానం చూసి పేరు తేల్చడం తొలి ఏడాదిలో మామూలుగా ఉండే క్రమం. బెంజోయిక్ ఆమ్లం 122 డిగ్రీల సెల్సియస్ దగ్గర కరుగుతుంది, సాలిసిలిక్ ఆమ్లం 159 దగ్గర. ఒకటి రెండు డిగ్రీల లోపు చటుక్కున కరిగితే పదార్థం శుద్ధమైనది. ముందే మెత్తబడి సాగుతూ కరిగితే మాలిన్యం ఉన్నట్టు. ఇక్కడ ముందు పేరు ఊహించి తర్వాత పరీక్షలు రాసుకునే అలవాటు అంత మంచిది కాదు. సోడియం నీటితో భగ్గుమంటుంది కనుక కళ్లద్దాలు లేకుండా ఆ పరీక్ష చేయకూడదు.

చదివే పద్ధతి విషయానికొస్తే, రోజూ అరగంట తెల్ల కాగితం మీద నాలుగైదు చర్యలకు బాణాలు గీయడం పరీక్ష ముందు మూడు రాత్రుల కన్నా మేలు. మోరిసన్, బాయిడ్ రాసిన పుస్తకం 1959 నుంచి నడుస్తోంది. తర్కం కోసం దాన్ని, పదాల కోసం హిందీ పాఠ్యపుస్తకాన్ని, ఇంట్లో ఉంటే తెలుగు అకాడమీ డిగ్రీ పుస్తకాన్ని పక్కపక్కన పెట్టుకోవచ్చు. ప్రభుత్వ స్వయం పోర్టల్‌లో పాఠాలు ఉచితం. నోటుపుస్తకం చివరి పేజీల్లో తెలుగు, హిందీ, ఇంగ్లిష్ పదాలకు మూడు గడులు గీసుకుని, ప్రతి కొత్త మాటనూ ఎదురైన రోజే రాసుకుంటే మూడో సెమిస్టర్ నాటికి సొంత నిఘంటువు తయారవుతుంది.