ఎండినా చావని ఆకు: మాస్‌లు, సెలాజినెల్లాలు తొక్కిన రెండు దారులు

తెలుగులో ‘నాచు’ అన్న మాట చెరువులో తేలే శైవలానికీ చెల్లుతుంది, వానాకాలంలో బావి గోడకు పట్టే మాస్ మొక్కకూ చెల్లుతుంది. ఈ కలగాపులగం మన భాషలోనే కాదు. 1741లో వృక్షశాస్త్రవేత్త డిలేనియస్ ఆక్స్‌ఫర్డ్‌లో వెలువరించిన ‘హిస్టోరియా మస్కోరమ్’లో మాస్‌ల పక్కనే లైకోపోడియం వంటి లైకోఫైట్లు, లైకెన్లు, కొన్ని శైవలాలూ చేరాయి. ఇంగ్లీషులో లైకోఫైట్లను నేటికీ క్లబ్‌మాస్‌లనే అంటారు. కంటికి రెండూ ఒకటే మరి: పొట్టి మొక్క, చిన్న ఆకులు, పువ్వు లేదు, విత్తు లేదు. పైగా ఎండి ముడుచుకుపోయినా నీళ్లు తగలగానే పచ్చబడే జాతులు రెండు వంశాల్లోనూ ఉన్నాయి. ఈ వ్యాసం ఆ చివరి పోలిక గురించే. పైకి ఒకటిగా కనబడే ఈ శక్తిని రెండు వంశాలూ వేరువేరుగా సమకూర్చుకున్నాయని నా అభిప్రాయం.

ఈ రెంటినీ లోతుగా విడదీసి చూపినవాడు విల్హెల్మ్ హాఫ్‌మైస్టర్. విశ్వవిద్యాలయంలో చదవలేదు. లైప్‌జిగ్‌లో కుటుంబానికి ఉన్న సంగీత పుస్తకాల వ్యాపారం చూసుకుంటూనే సూక్ష్మదర్శినితో సొంతంగా పనిచేశాడు. 1851లో ఆయన ప్రచురించిన గ్రంథం తరాల ఏకాంతరాన్ని బయటపెట్టింది. మాస్‌లో మనం చూసే ఆకుపచ్చ మొక్క సంయోగబీజదం, అంటే ఏకస్థితిక దశ. సిద్ధబీజదం దాని నెత్తిన కాడలా లేచి, దాని మీదే ఆధారపడి బతుకుతుంది. లైకోఫైట్లలో ఇది తలకిందులు. కనబడే మొక్కే సిద్ధబీజదం. సంయోగబీజదం ఎంత చిన్నదంటే, లైకోఫైట్లలో ఒకటైన సెలాజినెల్లాలో అది దాదాపుగా సిద్ధబీజం గోడ లోపలే పెరుగుతుంది. కొన్ని లైకోపోడియం జాతుల్లోనైతే శిలీంధ్రం తోడుతో ఏళ్ల తరబడి మట్టిలోనే ఉండిపోతుంది. కాబట్టి మాస్ ‘ఆకు’, సెలాజినెల్లా ఆకు పుట్టుకలో ఒకటి కావు. మొదటిది చాలావరకు ఒకే కణం మందం. రెండోదానికి దారువుతో కూడిన ఈనె ఉంటుంది, పత్రరంధ్రాలుంటాయి, మైనపు పొర ఉంటుంది.

ఎండుదల విషయంలో ఈ తేడా చాలా పెద్దది. ఒకే కణం మందమున్న ఆకు నీటిని పట్టి ఉంచలేదు. చుట్టూ గాలి ఎంత త్వరగా ఆరితే అదీ అంత త్వరగా ఆరిపోతుంది. రక్షణ పదార్థాలను అప్పటికప్పుడు తయారుచేసుకునే వ్యవధి దానికి ఉండదు. సింట్రికియా రూరాలిస్ అనే మాస్‌పై ఓలివర్, బ్యూలీల పరిశోధనలు చూపింది ఇదే: కణాలలో రక్షణ ఎప్పుడూ సిద్ధంగా ఉంటుంది, తడి తగలగానే మరమ్మతు మొదలవుతుంది. ఎండేటప్పుడే దాచిపెట్టుకున్న ఆర్‌ఎన్‌ఏ సందేశాలు ఆ మరమ్మతుకు పనికొస్తాయి. కొన్ని నిమిషాల్లోనే కిరణజన్య సంయోగక్రియ తిరిగి మొదలవుతుంది.

సెలాజినెల్లా ఇంత తొందరపడదు. మెక్సికో ఎడారుల్లో పెరిగే సెలాజినెల్లా లెపిడోఫిల్లా నెమ్మదిగా ఎండుతూ, కొమ్మలను లోపలికి చుట్టుకుని బంతిలా మారుతుంది. కణాల్లో ట్రెహలోజ్ అనే చక్కెర పుష్కలంగా ఉంటుంది. కొమ్మలు ముడుచుకోకుండా కట్టి ఉంచి 1990ల తొలినాళ్లలో లెబ్‌క్యూకర్, ఐక్‌మైయర్ ప్రయోగం చేశారు. ఎండ తగిలిన ఆ కొమ్మల్లో కిరణజన్య వ్యవస్థ ఎక్కువగా దెబ్బతింది. అంటే ఆ ముడుచుకోవడమే మొక్కకు గొడుగు. ఇంత సులువైన పనిముట్లతో ఇంత స్పష్టమైన జవాబు రాబట్టిన ప్రయోగాలు అరుదు.

2000లో ఓలివర్, టూబా, మిష్లర్ ఈ ఆధారాలను వంశవృక్షం మీద పరిచి చూశారు. నేలకెక్కిన తొలి మొక్కలకు ఎండుదలను తట్టుకునే గుణం ఉండేదని, నాళికా మొక్కల పూర్వీకుల్లో అది పోయిందని, సెలాజినెల్లా వంటి వాటిలో మళ్లీ పుట్టిందని వారి ప్రతిపాదన. నేను దీన్ని ఒప్పుకుంటాను, అయితే ఒక సవరణతో. ఫిస్కోమిట్రియం అనే మాస్‌కు ఆబ్‌సిసిక్ ఆమ్లం అనే హార్మోన్ అందిస్తే ఎండుదలను తట్టుకుంటుంది. దానికి ఏబీఐ3 జన్యువు అవసరమని 2010లో తేలింది. పుష్పించే మొక్కల్లో విత్తనం ఎండి నిద్రలోకి వెళ్లడానికి తోడ్పడేదీ ఆ జన్యు కుటుంబమే. కాబట్టి దారులు రెండైనా సామాను పాతదే. ఫిస్కోమిట్రియం జీనోమ్ 2008లో, సెలాజినెల్లా మోలెండార్ఫీ జీనోమ్ 2011లో వచ్చాక ఈ పోలిక జన్యువుల స్థాయికి చేరింది. ఎండలో పత్రహరితాన్ని కాపాడే ఈఎల్‌ఐపీ జన్యువులు, ఎండి బతికే మొక్కల్లో వంశం తర్వాత వంశంలో విడివిడిగా పెచ్చుపెరిగాయని 2019లో వాన్‌బ్యూరెన్ బృందం చూపింది.

మన దేశంలో ఈ రెండు దారులను పోల్చి చూడడానికి సరైన మొక్క వింధ్య కొండల్లోనే ఉంది. సంజీవని పేరుతో అమ్మే సెలాజినెల్లా బ్రయోప్టెరిస్ అది. 2005లో జర్నల్ ఆఫ్ బయోసైన్సెస్‌లో వచ్చిన అధ్యయనంలో దాని సారం, ప్రయోగశాలలో పెంచిన కణాలను వేడి నుంచీ అతినీలలోహిత కిరణాల నుంచీ కొంత కాపాడింది. గిన్నెలోని కణాల ఫలితమది. దాన్ని మనిషికి మందుగా చెప్పి అమ్మడం తప్పు, ఆ గిరాకీ కోసం కొండల మీది మొక్కను వేళ్లతో పెకలించడం అంతకంటే తప్పు. రామాయణం పేరు ఇంతగా పట్టుకున్న మొక్కను మనం పరిశోధించాల్సిన తీరు వేరు. లెపిడోఫిల్లాను కట్టినట్టే బ్రయోప్టెరిస్ కొమ్మలనూ చదునుగా కట్టి, వేసవి ఎండలో ఒక గుంపును, నీడలో మరో గుంపును ఉంచి, తడిపాక ఏది ఎంతవరకు కోలుకుంటుందో కొలవాలి. పక్కనే అదే రాతి మీద పెరిగిన మాస్‌నూ పెట్టాలి.