ఒక బెర్తు, ఒక పుస్తకం: రెండు నకళ్ళ తగవు



ఆఫీసు కంప్యూటర్లో దిద్దిన ఫైలు ఇంట్లో చూస్తే పాతదిగానే ఉంటుంది. ఒక్కోసారి ఒకే ఫైలు రెండుగా కనబడుతుంది, ఏది సరైనదో తెలియదు. మన పిల్లలు దీన్ని ‘సింక్ ప్రాబ్లం’ అంటారు. ఇది కొత్త జబ్బు కాదు. కంప్యూటర్లు రాకముందే రైల్వేలో ఉండింది. ఆ చరిత్ర తెలిస్తే మందు కూడా తెలుస్తుంది.

పాత రోజుల్లో ఒక్కో బండికి, ఒక్కో తేదీకి రిజర్వేషన్ రిజిస్టరు ఉండేది. ఆ బండి రిజిస్టరు ఏ కౌంటర్లో ఉంటే ఆ వరుసలోనే నిలబడాలి. పక్క కౌంటరు ఖాళీగా ఉన్నా లాభం లేదు. జనం తిట్టుకునేవారు. కాని దానికి కారణం ఉంది. అదే రిజిస్టరుకి రెండు నకళ్ళు పెట్టి ఇద్దరు గుమాస్తాలకిస్తే, ఒకే బెర్తు ఇద్దరికి రాసేస్తారు. రాత్రి బండిలో కొట్లాట తప్పదు.

మరి దారిలో ఉండే ఊళ్ళ సంగతి? అందుకే కోటా. మద్రాసులో బయల్దేరే బండిలో కొన్ని బెర్తులు దారిలోని పెద్ద స్టేషన్లకు విడిగా ఇచ్చేవారు. ఎవరి బెర్తులు వారివి, ఒకరినొకరు అడగక్కర్లేదు. ఇక్కడ ఉన్నవారికి ఇంకో ఊరినుంచి తిరుగు ప్రయాణం బెర్తు కావాలంటే టెలిగ్రాం పోయేది, జవాబు కోసం కాచుకోవాలి. ఒక ఊరి కోటా మిగిలిపోతుంటే ఇంకో ఊళ్ళో జనం వెయిటింగ్ లిస్టులో ఉండేవారు. తగవు రాకుండా చేసుకున్నదానికి రైల్వే కట్టిన వెల అది.

1985 నవంబరులో ఢిల్లీలో కంప్యూటర్ రిజర్వేషన్ మొదలైంది. దాని పేరు ఇంప్రెస్, చేసింది సీఎంసీ అనే ప్రభుత్వ సంస్థ. తర్వాత కొన్నేళ్ళలో బొంబాయి, కలకత్తా, మద్రాసు, సికింద్రాబాదులకూ వచ్చింది. అప్పుడు ఏ కౌంటర్లోనైనా ఏ బండికైనా టికెట్ దొరికింది. కాని అది ఆ ఊరి కంప్యూటర్లో ఉన్న బళ్ళకే. ఈ అయిదు కేంద్రాలూ ఒకదానితో ఒకటి మాట్లాడుకోలేదు.

వాటిని కలపడానికి 1986లో ఏర్పడిన క్రిస్ సంస్థ ‘కన్సర్ట్’ అనే ప్రోగ్రాం రాసింది. 1994 సెప్టెంబరులో అది ముందుగా మన సికింద్రాబాదులోనే నడిచింది. 1999 ఏప్రిల్ కల్లా అయిదు కేంద్రాలూ కలిసిపోయాయి. ఇక్కడొక విషయం గమనించండి. కలిసిన తర్వాత కూడా ఒక బండి లెక్క ఒకే కేంద్రంలో ఉంది. మిగతా ఊళ్ళు లైనులో ఆ కేంద్రాన్నే అడుగుతాయి. అంటే పాత రిజిస్టరు పద్ధతే, చేయి మాత్రం పొడుగైంది. లైను తెగితే ఆ టికెట్ ఆగుతుంది గాని, ఒక బెర్తు ఇద్దరికి పోదు.

అదే కాలంలో అమెరికాలో ఇంకో దారి తొక్కారు. పిట్స్‌బర్గులోని కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయంలో మహదేవ్ సత్యనారాయణన్ గారు, మన మద్రాసు ఐఐటీలో చదివినవారే, 1987లో ‘కోడా’ అనే పని మొదలుపెట్టారు. ఫైలు నకలు మీ కంప్యూటర్లోనే ఉంటుంది. లైను లేకపోయినా పని చేసుకోవచ్చు, లైను వచ్చాక మార్పులు పైకి పోతాయి. నేటి వన్‌డ్రైవ్, డ్రాప్‌బాక్స్ నడిచేదీ ఇలాంటి ఆలోచన మీదే. ఇందులో పని ఆగదు. కాని ఇద్దరూ ఒకే ఫైలును వేర్వేరుగా దిద్దితే తగవు తర్వాత వస్తుంది. వన్‌డ్రైవ్ అప్పుడు కంప్యూటరు పేరు తగిలించి రెండో నకలు పెడుతుంది. ఏది నిజమో మనిషే తేల్చాలి.

ఇప్పుడు మన సంగతి. ఈసారి మన విద్యా సహాయం జాబితా రెండు ఫైళ్ళుగా వచ్చింది. ఒకదానిలో ఉన్న ముగ్గురు పిల్లల పేర్లు రెండోదానిలో లేవు. చూసి సరిచేశారు కాబట్టి సరిపోయింది. లేకపోతే ఆ ముగ్గురి ఫీజు ఎవరు కడతారు? ఆ జాబితా బెర్తు లాంటిది, ఇద్దరు దిద్దేది కాదు.

ఫైలు కలవనప్పుడు చూడాల్సినవి ఇవి. ఫైలు పక్కన పచ్చ టిక్కు ఉందా, ఎర్ర గుర్తు ఉందా? లాగిన్ అయింది ఆఫీసు అకౌంటులోనా, సొంత అకౌంటులోనా? జాగా నిండిపోయిందా? ఫైలు పేరులో ప్రశ్నార్థకం, నక్షత్రం గుర్తు, కోలన్ లాంటివి ఉన్నాయా? వాటిని వన్‌డ్రైవ్ ఒప్పుకోదు. రెండు నకళ్ళుంటే పక్కపక్కన పెట్టి సరిచూసేదాకా దేన్నీ చెరపకండి. పైకి పోని ఫైలును ముందు వేరే చోట కాపీ చేసుకుని, ఆ తర్వాతే రీసెట్ మాట ఎత్తండి.

కంపెనీ ఇచ్చిన ల్యాప్‌టాపు అయితే తాళాలు మీ చేతిలో ఉండవు. ఏ అకౌంటు సింక్ కావాలో, ఏది కాకూడదో వాళ్ళ ఐటీ విభాగమే పెడుతుంది. మీరు ఎన్నిసార్లు నొక్కినా మారదు, వాళ్ళనే అడగాలి. ఉద్యోగం మారితే ల్యాప్‌టాపు తిరిగిచ్చేయాలి, పైకి పోని ఫైలు దానితోపాటే పోతుంది. అందుకే సంఘం కాగితాలు కంపెనీ మెషీన్లో పెట్టకండి.

కమిటీవారికి నా మనవి: జాబితా సంఘం సొంత అకౌంటులో ఒక్కటే ఉండాలి. దిద్దేది ఒక్కరే. మిగతావారు చూడవచ్చు, మార్పు కావాలంటే వారికి చెప్పాలి. ఒక బండికి ఒక రిజిస్టరు. తొండియార్‌పేటలో ఇన్ని రైల్వే కుటుంబాలున్నాయి, మనకి ఇది వేరే ఎవరూ నేర్పనక్కర్లేదు.

రిజర్వేషన్ కౌంటర్లో పనిచేసిన పెద్దలెవరైనా ఉంటే ఆనాటి సంగతులు కింద రాయండి. పిల్లలు చదువుతారు.