కుడి మూల చుక్క

ఆర్టీసీ క్రాస్‌రోడ్స్‌లో సుదర్శన్ 70ఎంఎం మూతపడ్డాక మనం కటౌట్ల గురించీ, మొదటాట గోల గురించీ బోలెడు చెప్పుకున్నాం. ఆపరేటర్ ఊసే లేదు.

పాత హాళ్ళలో 2000 అడుగుల 35ఎంఎం రీలు 22 నిమిషాల్లో అయిపోయేది. తెర కుడివైపు పైమూల చుక్క కనపడగానే రెండో ప్రొజెక్టర్ మోటారు ఆన్ చెయ్యాలి. ఏడు సెకన్లకి ఇంకో చుక్క, అప్పుడు మార్చెయ్యాలి. రెండున్నర గంటల సినిమాకి కనీసం ఆరుసార్లు! అందరూ హీరోని చూస్తుంటే ఆపరేటర్ చుక్క కోసం చూసేవాడు.

మన భాషలో ఇది డౌన్‌టైమ్ లేని స్విచోవర్. సరిగ్గా చేస్తే ఎవరికీ తెలీదు, తప్పితే హాలంతా ఈలలే.

డిజిటల్ వచ్చాక చుక్కలు పోయాయి, ఆ పనీ పోయింది. మీ ఊళ్ళో పాత ఆపరేటరుంటే కూర్చోబెట్టి అడగండి, రికార్డు చెయ్యండి. ఆ డాక్యుమెంటేషన్ వాళ్ళ బుర్రల్లోనే ఉంది, బ్యాకప్ లేదు.