'మొద్దు' అనే మాట వెనుక

మన బళ్లలో 'మొద్దు' అనే మాటకు నిఘంటువుల్లో దొరకని అర్థం ఒకటుంది. చెప్పింది రానివాడని కాదు, ఇక వాడికి చెప్పనక్కర్లేదని. నెల్లూరు తీరాన మైపాడు నుంచి జువ్వలదిన్నె దాకా పట్టపుపాళేల్లోనూ, యానాదుల గుడిసెల్లోనూ ఈ మాట పడని పిల్లలు తక్కువ. చెవిలో చీము కారి సగం వినపడని పిల్ల, నల్లబల్ల మసకగా కనిపించే కుర్రాడు, వేట లేని రోజుల్లో అర్ధాకలితో వచ్చేవాడు, నిజంగానే బుద్ధి ఎదుగుదల మందగించినవాడు – నలుగురికీ అదే మాట. ఈ నలుగురినీ విడివిడిగా చూడటం మన విద్యావ్యవస్థకు ఇంత ఆలస్యంగా ఎందుకు చేతనైందన్నది చరిత్ర అడగవలసిన ప్రశ్న.

వలస ప్రభుత్వానికి లెక్కలంటే ఇష్టం. 1881 నుంచి 1931 దాకా ప్రతి జనాభా లెక్కలోనూ గుడ్డివాళ్లనూ, చెవిటిమూగలనూ, మతిస్థిమితం లేనివాళ్లనూ, కుష్ఠురోగులనూ జిల్లాలవారీగా లెక్కపెట్టింది. పట్టికలైతే తయారయ్యాయి గాని బళ్లు పెట్టే బాధ్యత చాలావరకు మిషనరీలకూ ధర్మదాతలకూ వదిలేశారు. 1887లో అమృత్‌సర్‌లో వెలసిన అంధుల బడి అలాంటిదే. స్వతంత్ర ప్రభుత్వం ఇంకో అడుగు ముందుకు వేసింది – 1951, 1961, 1971 లెక్కల్లో ఆ గడులే లేవు! లెక్కలోనే లేనివాడికి పలకా బలపం ఎవరిస్తారు? వీలైనంతవరకు ఈ పిల్లలు మామూలు బడిలోనే చదవాలని కొఠారీ కమిషన్ 1966లో చెప్పింది. 1974లో కేంద్రం సమీకృత విద్యా పథకం పెట్టింది. ఆ పథకం మారుమూల పాళెం దాకా నడిచి రావడానికి ఒక తరం పట్టింది.

ఈలోగా పిల్లవాణ్ణి కొలిచే సాధనం మాత్రం వచ్చేసింది. ఫ్రాన్సులో బినే 1905లో తన పరీక్షను తయారుచేసింది, వెనుకబడిన పిల్లలకు ఎలాంటి సాయం కావాలో తెలుసుకోవడానికి. అది అమెరికా చేరేసరికి వలస వచ్చినవాళ్లను తక్కువజాతిగా ముద్రవేసే పనిముట్టయింది. సాధనం ఒకటే, దాన్ని పట్టుకున్న వర్గం వేరు. మన దేశంలో కామత్ దాన్ని కన్నడ, మరాఠీ పిల్లలకు అనువుగా మలిచారు. బుద్ధిలబ్ధి అంకె తేలాక ఉపాధ్యాయుడు రేపు ఏ పాఠం చెప్పాలి? ఆ అంకె చెప్పదు.

ఇక్కడే సికిందరాబాదులో జరిగిన కృషిని ప్రత్యేకంగా గమనించాలి. 1984లో అక్కడ జాతీయ మానసిక వికలాంగుల సంస్థ ఏర్పడింది. ఆ సంస్థలో పనిచేసిన ప్రత్యేక విద్యా పరిశోధకురాలు జయంతి నారాయణ్ 1997లో 'గ్లాడ్' అనే తరగతి స్థాయి పరీక్షా సాధనాన్ని వెలువరించారు. ఈ పిల్లవాడి తెలివి ఎంత అని అది అడగదు. భాషలో ఏ తరగతి దాకా వచ్చాడు, లెక్కల్లో ఏ తరగతి దాకా వచ్చాడు, ఎక్కడ ఆగిపోయాడు అని అడుగుతుంది. నాలుగో తరగతిలో కూర్చున్నవాడు చదవడంలో ఒకటో తరగతి దగ్గరా, కూడికల్లో మూడో తరగతి దగ్గరా ఉండవచ్చు. అప్పుడు రేపటి పాఠం ఏదో తెలుస్తుంది. పైకి ఇది చిన్న మార్పు. కాని తప్పు పిల్లవాడి పుట్టుకలో ఉందన్న వాదం పోయి, అందని పాఠంలో ఉందన్న దృష్టి వచ్చింది. నా మటుకు నాకు ఇదే అసలైన అభ్యుదయం. రొయ్యలూ చేపలూ లెక్కపెట్టి, తూకంలో మోసాన్ని పసిగట్టగల కుర్రాణ్ణి కాగితం మీద తీసివేత రాలేదని మొద్దు అనడం ఎంత అన్యాయమో ఈ దృష్టితో చూస్తేనే అర్థమవుతుంది.

చట్టాల సంగతి క్లుప్తంగా చెబుతాను. 1995 చట్టం 18 ఏళ్ల దాకా ఉచిత విద్య అంది. 2009 విద్యాహక్కు చట్టంలో ఈ పిల్లలకు స్పష్టమైన చోటు దొరకడానికి 2012 సవరణ కావలసి వచ్చింది. 2016 చట్టం 21 రకాల వైకల్యాలను గుర్తించింది. ప్రాథమిక స్థాయిలో పదిమందికొక ప్రత్యేకోపాధ్యాయుడు ఉండాలని సుప్రీంకోర్టు 2021లో చెప్పింది. పేర్లూ మారాయి. వికలాంగులు 'దివ్యాంగులు' అయ్యారు, ఆ సంస్థ పేరూ మారింది. దేహంలో దివ్యత్వాన్ని చూపించి బడి మెట్ల పక్కన వాలుదారి కట్టకపోవడం మన పాలకులకు పాత అలవాటే.

మన రాష్ట్రంలో మండలానికొకటిగా 'భవిత' కేంద్రాలు వెలిశాయి. వాటిలో పాఠం చెప్పేవాళ్లు ఏళ్ల తరబడి కాంట్రాక్టు మీదే పనిచేశారు. ఆటో కిరాయి పెట్టుకుని, కూలిపని మానుకుని, తల్లి బిడ్డను మండల కేంద్రానికి తీసుకెళ్లగలిగిన రోజే ఆ బిడ్డకు ఆ చదువు.

ఇంకొక చిక్కు భాషది. తెలుగు చెప్పే మాస్టరుగా నేను దీన్ని వదిలేయలేను. వాచకంలోని తెలుగు పట్టపు పిల్లవాడి ఇంటి తెలుగు కాదు. వలలకూ, గాలులకూ, చేపలకూ వాడికి తెలిసిన పేర్లు మన పాఠంలో ఒక్కటీ ఉండవు. బొమ్మ చూపించి పేరడిగితే వాడు ఇంటిమాట చెబుతాడు, మనం ఇంటూ పెడతాం. ఎంత మంచి కొలత తెచ్చినా ఆ ఇంటూ పెట్టే చెయ్యి మనదే. ఆ ఇంటూల లెక్కతోనే వాడు అయిదో తరగతిలో బడి మాని పడవెక్కుతున్నాడు.