వేట జాగిలం: ఎన్నిక, శిక్షణ

బెంగుళూరు ప్రభుత్వ మ్యూజియంలో ఒక శిల ఉన్నది. దానిపై ఒక కుక్క, ఒక అడవిపంది కలియబడి పోరాడుతున్న దృశ్యం చెక్కి ఉన్నది. కన్నడ దేశంలోని ఆతకూరు గ్రామంలో దొరికిన శిల అది. దానిపై శాసనం కాలం క్రీ.శ. 949-50. తక్కోలం యుద్ధంలో పరాక్రమం చూపిన మణలేరుడనే వీరుణ్ణి గంగరాజు బూతుగుడు వరం కోరుకొమ్మన్నాడు. అతడు రాజుగారి వేటకుక్క కాళిని ఇమ్మన్నాడు. తరువాత బెళతూరు గుట్ట దగ్గర కాళిని ఒక పెద్ద పందిపైకి ఉసికొల్పగా రెండూ ఒకదానినొకటి చంపుకొన్నవి. కుక్క జ్ఞాపకంగా చల్లేశ్వరాలయం ఎదుట శిల నిలిపి, దానికి భూమి కూడా ఇచ్చినారు.

ఇది ఎక్కడో పరాయి సీమ ముచ్చట అనుకోనక్కరలేదు. అప్పటి చక్రవర్తి రాష్ట్రకూట మూడవ కృష్ణుడు. నేటి కరీంనగర్ ప్రాంతాన్ని ఏలిన వేములవాడ చాళుక్యులూ ఆ రాష్ట్రకూటుల సామంతులే. కురిక్యాల బొమ్మలగుట్టపై తెలుగు కంద పద్యాలు చెక్కించిన కాలమూ ఇంచుమించు అదే. మరి రెండు వందల ఏండ్లు గడువక ముందే, కల్యాణ చాళుక్య ప్రభువు మూడవ సోమేశ్వరుడు సుమారు 1129లో ‘మానసోల్లాసం’ అనే సంస్కృత గ్రంథం సమకూర్చినాడు. అందులో ‘సారమేయ వినోదం’ పేర ఒక అధ్యాయమే ఉన్నది. ఏ సీమ కుక్క ఎటువంటిది, మేలైన దానికి ఉండవలసిన లక్షణాలేవి అన్నది ఒక రాజు కూర్చుని వ్రాయదగిన విషయమని ఆనాడు తోచింది. హుజూరాబాదుకు సుమారు 40 కిలోమీటర్ల దూరంలోని అనుమకొండలో అప్పుడు ఏలుబడి చేస్తున్న కాకతి రెండవ ప్రోలుడు ఈ చాళుక్యులకే సామంతుడు.

ఈ నేలమీద వేటకుక్కకు ఉన్న పని రెండు విధాలు. కుందేలును పరుగున పట్టడం ఒకటి. పందిని చుట్టుముట్టి, మనిషి ఈటెతో వచ్చేదాకా కదలనీయక నిలబెట్టడం రెండవది. మొదటి పనికి లోతైన రొమ్ము, సన్నని నడుము, పొడుగాటి కాళ్ళు కావలె. రొమ్ము లోతుగా ఉంటేనే పెద్ద గుండెకు, ఊపిరితిత్తులకు చోటు ఉంటుంది. దక్కను పీఠభూమిలోని కారవాన్ జాగిలం ఈ కోవకు చెందినది. ముధోల్ సంస్థానాధీశులు దానిని శ్రద్ధగా పెంచినందున ముధోల్ జాగిలమనే పేరు వచ్చింది. 2005లో భారత తపాలా శాఖ దాని బొమ్మతో ఒక బిళ్ళ వెలువరించినది.

పట్టి తెచ్చే కుక్క మాత్రం వేరు జాతి. ఇంగ్లీషులో దానిని రిట్రీవర్ అంటారు. పంతొమ్మిదవ శతాబ్ది నడుమ వెనుక నుండి తూటా కూర్చే తుపాకులు వచ్చినవి. తొందర తొందరగా కాల్చడం సాధ్యమయినది. పక్షులు దూరాన, పొదల్లో, నీటిలో పడసాగినవి. వాటిని వెదికి, నలగకుండా తెచ్చే కుక్క అవసరమయినది. న్యూఫౌండ్లాండ్ దీవిలో జాలరులకు చేపలు, వలలు లాగిపెట్టే నీటికుక్కల సంతతి నుండి లాబ్రడార్ రూపొందింది. స్కాట్లండులో ట్వీడ్‌మౌత్ ప్రభువు 1868లో ఒక పసుపు రంగు కుక్కను, ఒక నీటి స్పానియల్‌ను జతకూర్చి, ఏ జతకు ఏ పిల్లలు పుట్టినవో పుస్తకంలో వ్రాసుకొంటూ గోల్డెన్ రిట్రీవర్‌కు నాంది పలికినాడు. మన చెరువుల్లో చలికాలపు బాతులకు కొరత లేదు. అయినా ఇటువంటి జాతి ఇక్కడ పుట్టలేదు. పక్షిని వలతో, ఉచ్చుతో పట్టే చోట దానిని తెచ్చిపెట్టేందుకు కుక్క ఎందుకు? కుక్క గుణాన్ని పనిముట్టు నిర్ణయించిందన్నమాట.

ఇందులోని శాస్త్ర విషయం గమనింపదగినది. తోడేలు వేటలో ఒక వరుస ఉన్నది: చూడటం, పొంచడం, తరమడం, పట్టడం, చంపడం, చీల్చి తినడం. కుక్క తోడేలు సంతతి. మనిషి తరతరాలుగా ఎన్నిక చేసి, ఈ వరుసను ఒక్కొక్క జాతిలో ఒక్కొక్క చోట ఆపినాడు. పాయింటరు పొంచి నిలిచిపోతుంది. రిట్రీవర్ పట్టుకొంటుంది గాని కొరకదు. దీనినే ‘మెత్తని నోరు’ అంటారు. ఇది చాలవరకు పుట్టుకతో రావలసినదే, బెత్తంతో వచ్చేది కాదు. కనుక పిల్లను ఎన్నుకొనేవారు ముందు తల్లిదండ్రుల పనితనం చూడవలె. ఆ తరువాత పిల్లముందు గుడ్డ ఉండ విసరి, అది తెచ్చునో, నమిలి పారవేయునో గమనించవలె. చప్పుడుకు బెదరి మళ్ళీ తేరుకొనే పిల్ల పనికివస్తుంది. మూల దాగి బయటికి రానిది తుపాకి దగ్గర నిలువదు.

వయస్సు కూడా ముఖ్యం. అమెరికాలోని బార్ హార్బర్ పరిశోధనశాలలో స్కాట్, ఫుల్లర్ అనే శాస్త్రజ్ఞులు ఏండ్ల తరబడి కుక్కపిల్లలను పరిశీలించి 1965లో ఫలితాలు ప్రకటించినారు. సుమారు మూడవ వారం నుండి పన్నెండవ వారం వరకు పిల్ల మనిషితో చెలిమి నేర్చే కాలం. అది గడిచేదాకా మనిషి చేయి సోకని పిల్లను తరువాత మచ్చిక చేయడం మహా కష్టం.

శిక్షణలో మొదటి పాఠం పరుగెత్తడం కాదు, కూర్చోవడం. ఉండ విసరినా, ఆజ్ఞ అయ్యేదాకా కదలకూడదు. తెచ్చేటప్పుడు పిల్ల వెంటబడితే అది ఆట అనుకొని పారిపోతుంది. యజమాని ఎదురు దిశకు నాలుగడుగులు నడిస్తే తానే దగ్గరికి వస్తుంది. నోటినుండి గుంజడం వల్ల పట్టు బిగుస్తుంది, మెత్తని నోరు చెడుతుంది. పాఠం కొద్ది నిమిషాలే ఉండవలె. పిల్ల విసుగుచెందక ముందే ముగించవలె. తరువాత ఉండకు ఈకలు కట్టడం, పొదలో దాచడం, మోకాలి లోతు నీటిలో వేయడం, ఈలతోను, చేతి సైగతోను దూరం నుండి మళ్ళించడం వరుసగా వస్తాయి. కొరడాయే గురువని నమ్మిన రోజుల్లో, 1848లోనే, హచిన్సన్ అనే ఆంగ్ల సైనికాధికారి మెప్పు, బహుమానాలతో కుక్కకు నేర్పవచ్చునని పుస్తకం వ్రాసినాడు. పాఠశాలల్లో బెత్తం అంత త్వరగా పోలేదన్నది వేరే సంగతి.

1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం తరువాత ఈ దేశంలో వేట నేరమయినది. జంతువును తరమడం, ఉచ్చులో పట్టడం, ఎర వేయడం కూడా ఆ చట్టం దృష్టిలో వేటే. హుజూరాబాదు చుట్టుపట్ల మొక్కజొన్న చేలలో పందులు పడితే రైతుకు కోపం రావడం సహజం. కాని వాటిపైకి కుక్కలను వదలడం చట్టం మెచ్చేది కాదు. నేడు లాబ్రడార్ పోలీసు దళాల్లో పేలుడు పదార్థాల జాడ తీస్తున్నది. వెదకడం, దొరికినది చెప్పడం, బహుమానంగా ఆట బంతి పొందడం దాని పాత పనిలోని పాఠాలే. తీరాంధ్రలో కొల్లేటి బాతుల మందలను కాసే జోనంగి కుక్క మాత్రం, బాతుల పెంపకం తగ్గి చేపల చెరువులు పెరిగిన కొద్దీ, పని లేక అరుదయిపోతున్నది.