చెట్టు లేని చేలో ఉయ్యాల

గొర్రు, గుంటక, నాగలి గురించి ఎంతో రాసుకున్నాం. చిలకలూరిపేట చుట్టుపక్కల పత్తి, మిరప చేలల్లో కూలి తల్లులు చంటిబిడ్డ కోసం నిలబెట్టే మూడు కర్రల ఉయ్యాలను మాత్రం పేదరికపు గుర్తుగా చూసి వదిలేశాం. నా లెక్కలో అదీ సేద్యపు పనిముట్టే. నల్లరేగడి నేల, డబ్బు పంట, ఆడకూలీల చేతిపని కలిసినచోట అవసరం పుట్టించిన పనిముట్టు. సాయంత్రానికి కర్రలు భుజానికీ, చీర మూటలోకీ చేరిపోతాయి. వెనక ఆనవాలేదీ మిగలదు కాబట్టి దాని చరిత్రను నేలలో, పంటలో, చట్టాల్లో వెతకాలి.

దాని తయారీలో ఆలోచన ఉంది. మనిషెత్తుకు మించిన మూడు సరుగుడు కర్రల్నో వెదుళ్లనో తలల దగ్గర జానెడు వదిలి తాడుతో చుట్టి, కాళ్లు ఎడంగా జరుపుతారు. ముడి మరీ బిగిస్తే కాళ్లు విచ్చుకోవు, వదులైతే కర్రలు జారతాయి. ఎగుడుదిగుడు సాళ్లలో నాలుగు కాళ్లదానికి ఒక కాలు గాలిలో లేస్తుంది, మూడు కాళ్లది కుదురుగా నిలుస్తుంది. బిడ్డ బరువుకు కాళ్లు బయటికి జారాలని చూస్తాయి. అందుకే మొనలు నేలలో గుచ్చుతారు. నేల గట్టిదైతే కాళ్లను కలిపి తాడు కడతారు. చెట్టు అక్కర్లేని ఊగే పడకలకు ఇప్పుడు ఇనుప గొట్టాలతో చేసే స్టాండ్లు కూడా ఈ జారుడునే అదుపు చేయాలి.

గట్టు మీద వేపో తుమ్మో ఉండదా అని అడగొచ్చు. నీడ పడితే కాపు తగ్గుతుందని చాలామంది రైతులు గట్ల మీద చెట్లు పెరగనివ్వరు. తాడిచెట్టు ఉన్నా దానికి కొమ్మ ఉండదు. చెట్టున్నా అది కదలదు, కోత మాత్రం సాలు సాలుకీ జరుగుతుంది. ఏడుపు వినిపించే దూరంలో పాలుతాగే బిడ్డ ఉండాలంటే ఉయ్యాల తల్లి వెంట నడవాలి. 1967లో నాగార్జునసాగర్ కుడి కాలువకు నీళ్లు వదిలాక, 1970లలో హైబ్రిడ్ పత్తి వచ్చాక ఈ చేలకు కావలసిన చేతులు పెరిగాయి. మిరప ఒక్కసారి కోస్తే అయిపోయేది కాదు, పండినకొద్దీ మళ్లీ మళ్లీ కోయాలి. బిడ్డను ఇంట్లో ముసలివాళ్లకు అప్పగించవచ్చు కదా అంటే, కర్నూలు పశ్చిమ మండలాల నుంచి కోతలకు వలస వచ్చి చేల పక్కనే గుడారం వేసుకున్న తల్లికి ఆ ఇల్లు ఎక్కడుంది?

ఇలా రాయడం లేమిని పొగడటమేనన్న మాటలో బరువుంది. తల్లి తెలివిని గుర్తించడం వేరు, ఆమెను దాని మీదే వదిలేయడం వేరు. 1948 ఫ్యాక్టరీల చట్టం శిశు సంరక్షణ గది ఉండాలంది. 1951 చట్టం తోటల్లోనూ ఉండాలంది, కానీ అవి తేయాకు, కాఫీ, రబ్బరు వంటి తోటలు. 2005 ఉపాధి హామీ చట్టం అయిదుగురు పిల్లలుంటే చూసుకోవడానికి ఒక మహిళను పెట్టమంది, అదీ ప్రభుత్వ పనుల దగ్గరే. 1975లో మొదలైన అంగన్‌వాడీ ఊళ్లో ఉంటుంది, చేను ఊరవతల ఉంటుంది. సొంత చేలో కోత కోయించేవారికి ఇలాంటి బాధ్యత ఏదీ లేదు. గుంటూరు మిరప యార్డులో ప్రతి బస్తా మీదా మార్కెట్ సెస్సు వసూలవుతోంది. అందులో కొంత తీసి, జనవరి నుంచి ఏప్రిల్ దాకా కోత జరిగే చేల దగ్గరే నీడ, నీళ్లు, ఒక ఆయాతో శిశు కేంద్రాలు నడపాలి. మార్కెట్ కమిటీలు ఈ కోతలకే మొదలుపెట్టాలి.